నిలకడ పాఠాలు – 4: రెండు కాళ్ల నుంచి ఒంటికాలికి

మూడో పాఠం చివర అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చూద్దాం. బాబుకు పద్నాలుగు నెలలు. ఎన్నడూ దోగాడలేదు. పిర్రల మీద జరుగుకుంటూ మంచం దాకా పోతాడు, కోడు పట్టుకొని లేస్తాడు, పట్టె పట్టుకొని పక్కకు నడుస్తాడు. చెయ్యి వదిలితే మాత్రం నిలబడడు. భయపడాలా?

ఇంతవరకే అయితే భయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతలు మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లలను చూసి తీసినవి. వాటి ప్రకారం ఆధారం లేకుండా నిలబడటం 6.9 నుంచి 16.9 నెలల మధ్య, ఎవరి సాయమూ లేకుండా నడవటం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సగటు చూస్తే నిలబడేది 11 నెలలకు, నడిచేది 12 నెలలకు. అదే పరిశీలనలో నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ల మీద దోగాడకుండానే నడకలోకి వెళ్లారు.

అయితే ‘భయం లేదు’ అని రాసి ఊరుకున్నవాళ్లకు సగం మార్కులే. ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. లేచేటప్పుడు ఎప్పుడూ ఒకే కాలు ముందు పెడుతున్నాడా, రెండూ మారుస్తున్నాడా? రెండు చేతులతో పట్టుకుంటున్నాడా, ఒక చెయ్యి పిడికిలి బిగిసి ఉంటున్నదా? చంకల కింద పట్టి నిలబెడితే మడమలు నేలకు ఆనుతున్నాయా? వెనక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడా? నెలలు నిండకముందే పుట్టాడా? ఎనిమిది వారాలు ముందుగా పుట్టిన బిడ్డకు పుట్టిన తేదీ లెక్కన పద్నాలుగు నెలలు అయితే, మన లెక్కలో సుమారు పన్నెండే. రెండేళ్లు నిండేదాకా ఈ సవరణ చేసుకోవాలి.

ఇక ఈ పాఠం. రెండేళ్ల నుంచి పదేళ్ల దాకా వెళ్తాం కానీ ఎక్కువసేపు ఆగేది మూడు, ఏడేళ్ల మధ్యే. నేర్చుకునే పని ఒక్కటే: ఇంట్లోనో అంగన్‌వాడీలోనో పిల్లల నిలకడను కొలవడం, వచ్చిన అంకెను సరిగ్గా చదవడం. సుద్దముక్క, ఫోను, పాత బొంత, ఒక బొట్టుబిళ్ల ఉంటే చాలు.

ఊగడం తప్పు కాదు

ముందు మీ ఒంటి మీదే చూసుకోండి. చెప్పులు విడిచి, రెండు పాదాలు దగ్గరికి పెట్టి నిలబడి కళ్లు మూసుకోండి. పది సెకన్లు గడవకముందే అరికాళ్లలో తెలుస్తుంది. బరువు కాసేపు మునివేళ్ల మీదికి, కాసేపు మడమల మీదికి పోయి వస్తుంటుంది. పిక్కలు బిగుస్తాయి, వదులవుతాయి. బయటికి నిలబడినట్టే కనిపిస్తారు కానీ లోపల ఒళ్లు పడబోవడం, కండరాలు దాన్ని ఆపడం ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. కాబట్టి పిల్ల ఊగుతున్నదని తప్పు రాయకండి. ఎంత ఊగిందో, ఊగినప్పుడు దేనితో ఆపుకున్నదో చూడండి.

ఆపుకొనే పద్ధతులు మూడు. ఊగు చిన్నదైతే చీలమండ దగ్గరే సర్దుకుంటుంది, పైన ఒళ్లంతా ఒక్క కట్టెలాగే కదులుతుంది. ఊగు పెద్దదైనా, కింద చోటు ఇరుకైనా నడుము వంగుతుంది, చేతులు లేస్తాయి. పొలం గట్టు మీద నడిచేటప్పుడు పెద్దవాళ్లం కూడా చేసేది ఇదే. అదీ చాలకపోతే అడుగు వేస్తాం. కొత్తగా నిలబడ్డ బిడ్డకు ఈ మూడూ సరిగ్గా కుదరవు కాబట్టి చతికిలబడుతుంది. అదీ ఒక పద్ధతే, పైగా ఆ వయసుకు క్షేమమైనది. పడకుండా ఎప్పుడూ పట్టుకొనే ఉంటే ఆ పని రాదు.

చిన్నపిల్లలకు ఇది పెద్దలకంటే కష్టం. ఎందుకో తెలుసుకోవాలంటే బూజు దులిపే కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టి చూడండి, తర్వాత పెన్సిలుతో అదే ప్రయత్నం చెయ్యండి. కర్ర నిదానంగా ఒరుగుతుంది, చెయ్యి జరపడానికి వ్యవధి ఉంటుంది. పెన్సిలు ఆ వ్యవధి ఇవ్వదు. ఒరిగే సమయం ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 160 సెంటీమీటర్ల తల్లితో పోలిస్తే 100 సెంటీమీటర్ల నాలుగేళ్ల పిల్లకు సర్దుకోవడానికి ఐదోవంతు సమయం తక్కువ దొరుకుతుంది. 75 సెంటీమీటర్ల ఏడాది బిడ్డకైతే మూడోవంతు దాకా తక్కువ. దీనికి తోడు తల బరువు. పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగోవంతు తలే. పెద్దయ్యేసరికి అది ఏడు, ఎనిమిదోవంతుకు వస్తుంది. పెద్దల బరువు కేంద్రం బొడ్డుకు కాస్త కింద ఉంటే, చిన్నపిల్లల్లో అంతకంటే పైన ఉంటుంది.

అందుకే కొత్త నడకలో కాళ్లు ఎడంగా ఉంటాయి, చేతులు భుజాల ఎత్తుకు లేచి ఉంటాయి. ఏడాదిన్నర దగ్గర చేతులు దిగుతాయి, మడమ ముందు ఆనడం మొదలవుతుంది. కాళ్ల మధ్య ఎడం తగ్గుతుంది. రెండేళ్లు దాటాక కూడా చేతులు పైనే ఉన్నాయంటే దాన్ని గమనించి రాసుకోవాలి.

కన్ను, చెవి, అరికాలు

ఒళ్లు ఎటు ఒరుగుతున్నదో మెదడుకు మూడు దిక్కుల నుంచి కబురు వస్తుంది. కన్ను చుట్టుపక్కల గోడలను, దర్వాజను చూసి చెప్తుంది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్ని పసిగడతాయి, రెండు చిన్న సంచులు తల వాలడాన్ని, ముందుకు వెనక్కు జరగడాన్ని పసిగడతాయి. మూడోది అరికాలి చర్మం, చీలమండ కీలు, పిక్క కండరం. లోపలి చెవి పుట్టేనాటికే తయారై ఉంటుంది. దాని మాటను మిగతా రెండింటితో సరిచూసుకోవడం మాత్రం మెదడుకు ఏళ్ల తరబడి సాగే చదువు.

మొదట్లో పెత్తనం కంటిదే. 1974లో డేవిడ్ లీ, ఎరిక్ ఆరన్సన్ చేసిన ప్రయోగం ఇందుకు తిరుగులేని రుజువు. నేల కదలదు, చుట్టూ గోడలు మాత్రం జరుగుతాయి. అలాంటి గదిలో 13 నుంచి 16 నెలల పిల్లలను నిలబెట్టారు. గోడ తమ వైపు రాగానే పిల్లలు వెనక్కు ఊగారు, కొందరు పడిపోయారు. కాళ్ల కింద ఏమీ కదలలేదు. కన్ను చెప్పిందే నిజమని ఒళ్లు సర్దుకున్నది, ఆ సర్దుబాటే పడేసింది.

ఏడేళ్లు దాటేసరికి ఇలా జరగడం బాగా తగ్గుతుంది. ఈ రెంటికీ నడుమ ఏమవుతుందన్నదే ఈ పాఠానికి గుండెకాయ. 1985లో ఆన్ షమ్వే-కుక్, మార్జొరీ వులకాట్ కదిలే పలక మీద పిల్లలను నిలబెట్టి కండరాల స్పందన కొలిచారు. 15 నుంచి 31 నెలల పిల్లల స్పందన ప్రతిసారీ ఒకే తీరుగా ఉంది. 7 నుంచి 10 ఏళ్ల వాళ్లది పెద్దవాళ్లకు దగ్గరగా ఉంది. నడుమ ఉన్న 4 నుంచి 6 ఏళ్ల వాళ్ల స్పందనే ఆలస్యంగా, ఒక్కోసారి ఒక్కో తీరుగా వచ్చింది. కళ్లు మూసి, అరికాళ్ల కబురును కూడా చెదరగొడితే ఈ వయసు వాళ్లలో పలువురు పడబోయారు, పెద్ద పిల్లలు నిలిచారు.

అంటే నాలుగు, ఐదేళ్ల దగ్గర నిలకడ మెట్టు మెట్టుగా ఎక్కదు. కంటి పెత్తనం తగ్గించి ముగ్గురి మాటా వినే పద్ధతికి మెదడు మారుతుంటుంది. అదే సమయంలో ఎత్తు పెరుగుతుంది, కాళ్ల పొడవు మారుతుంది. నిన్న పది సెకన్లు నిలబడ్డ పిల్ల ఇవ్వాళ నాలుగుకే కాలు దించుతుంది. ‘ఐదేళ్లొచ్చినా తట్టుకొని పడుతనే ఉంటడు’ అని ఇంట్లో విసుక్కునేది చాలావరకు ఈ ఘట్టాన్నే. ఈ వయసులో ఒక్క కొలతతో ఏ ముద్రా వెయ్యకూడదని మా అభిప్రాయం. వారం ఎడంతో కనీసం రెండు కొలతలు ఉండాలి.

ఒంటికాలి కొలత

గచ్చు నేల చదునుగా, పొడిగా ఉండాలి. పాలిష్ బండలైతే తడి బట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పిల్ల వట్టి కాళ్లతో ఉండాలి, సాక్సులు కూడా వద్దు. నేల మీద సుద్దతో ఒక అడ్డగీత గీసి, గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. పిల్ల కంటి ఎత్తున గోడకు బొట్టుబిళ్ల అంటించండి, చూపు దాని మీద ఉండాలి. చూపు కిందికి దిగితే తల వంగుతుంది, తల వంగితే బరువు ముందుకు పోతుంది. అన్నం తిన్న వెంటనే, నిద్ర వచ్చే వేళ కొలవద్దు.

ముందు మీరు చేసి చూపించండి. తర్వాత ‘కొంగ లెక్క ఒంటికాలి మీద నిలబడు బిడ్డా, బొట్టును చూసుకుంట’ అంటే మూడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. లేచిన కాలు మోకాలి దగ్గర వంగి ఉండాలి, రెండో కాలికి తాకొద్దు. చేతులు ఎలా ఉన్నా పర్వాలేదు. నడుము మీద చేతులు పెట్టమనే పద్ధతీ ఉంది కానీ ఆరేళ్లలోపు పిల్లలకు అది అదనపు పరీక్ష అవుతుంది, అప్పుడు మీరు కొలిచేది నిలకడనో మాట వినడాన్నో తేలదు.

పాదం నేల విడిచిన క్షణం ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి. లేచిన పాదం నేలకు తగిలినా, కింది పాదం జరిగినా గెంతినా, లేచిన కాలు రెండో కాలికి ఆనినా, పిల్ల మిమ్మల్ని గాని గోడను గాని పట్టుకున్నా ఆపండి. ఒక్కో కాలికి మూడేసి సార్లు, నడుమ అర నిమిషం విరామం. మూడింటిలో ఎక్కువ వచ్చిన అంకె రాయండి, మిగతా రెండూ పక్కన చిన్నగా రాసుకోండి. 30 సెకన్లు దాటితే ఇక చాలు.

మూడేళ్లకు 1 నుంచి 3 సెకన్లు, నాలుగేళ్లకు 3 నుంచి 5, ఐదేళ్లకు 5 నుంచి 10, ఆరేళ్లకు 10 దాటి వస్తే వయసుకు తగ్గట్టే అనుకోవచ్చు. ఇవి ఆనవాళ్లు మాత్రమే, పాసు మార్కులు కావు. కుడి ఎడమలకు రెండు మూడు సెకన్ల తేడా మామూలే. ఒక కాలి మీద ఎనిమిది సెకన్లు నిలబడి, రెండో కాలి మీద ఒక్క సెకను కూడా నిలవకపోతే, రెండో కొలతలోనూ అదే కాలు అలాగే వస్తే దాన్ని వదలకూడదు.

గడియారం నడిచేటప్పుడు మీ కళ్లు ఫోను మీద కాదు, కింది పాదం మీద ఉండాలి. మోకాళ్ల మీద కూర్చొని దగ్గర నుంచి చూడండి. వేళ్లు నేలను పట్టుకున్నట్టు ముడుచుకుంటాయి, పాదం పైన నరాల్లాంటి తాళ్లు ఒక్కొక్కటే లేచి అణగుతాయి, చీలమండ లోపలికి బయటికి సన్నగా వణుకుతుంది. ఆ వణుకు మంచిదే, చీలమండ పనిచేస్తున్నదని అర్థం. పాదం అచ్చుపోసినట్టు కదలకుండా ఉండి నడుము, చేతులు మాత్రమే గాలిలో ఊగుతుంటే పిల్ల కీళ్లు బిగబట్టి నిలబడుతున్నది. నాలుగేళ్లకు అది సరే, ఎనిమిదేళ్లకు కూడా అంతే ఉంటే సాధన కావాలి.

కొలతలో జరిగే పొరపాట్లు ఎక్కువగా పెద్దవాళ్లవే. చెయ్యి పట్టి నిలబెట్టి ‘ఇగ వదులుతున్న’ అని వదిలితే, వదిలే ఊపే పిల్లను పక్కకు నెడుతుంది. గోడ పక్కన నిలబెడితే మోచెయ్యి గోడకు ఆనుతుంది. వేలి కొసతో ఇంత ముట్టుకున్నా ఊగడం తగ్గుతుంది, ఎందుకంటే ఆ వేలు నాలుగో కబురు తెస్తుంది. పైకి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే పిల్ల కూడా లెక్కపెడుతూ నవ్వుతుంది. చుట్టూ పదిమంది పిల్లలు చేరి చప్పట్లు కొడితే ఆ కొలత దండుగ. ఒక్కొక్కరిని విడిగా పిలవండి.

బొంత ఎందుకు

ఒంటికాలి అంకె ఎంత నిలబడగలదో చెప్తుంది, ఎందుకు నిలబడలేదో చెప్పదు. దానికి రెండు కాళ్లు దగ్గరపెట్టి నాలుగు రకాలుగా నిలబెట్టాలి: గచ్చు మీద కళ్లు తెరిచి, గచ్చు మీద కళ్లు మూసి, బొంత మీద కళ్లు తెరిచి, బొంత మీద కళ్లు మూసి. ఒక్కోటి 30 సెకన్లు. వరుస మార్చొద్దు, తేలిక నుంచి కష్టానికి పోవాలి. నాలుగేళ్లు నిండని పిల్లలకు ఈ పరీక్ష వద్దు.

బొంతను మడతలు పెట్టి, పిల్ల ఎక్కి నిలబడ్డాక కూడా కింద నాలుగు వేళ్ల మందం మిగిలేలా చూడండి. పాదం అందులో కుంగాలి. మెత్తదనంలో అరికాలికి నేల ఎటు వాలిందో సరిగ్గా తెలియదు, మనకు కావాల్సింది అదే. వరంగల్ కొత్తవాడ జంపఖానా ఈ పనికి రాదు. నేత బిగువుగా ఉంటుంది, ఎన్ని మడతలు వేసినా గట్టి నేలలాగే ఉంటుంది. పాత చీరల బొంతో, దూది పరుపు ముక్కో మేలు.

మీరు పిల్ల వెనక నిలబడి, నడుముకు రెండు వైపులా బెత్తెడు ఎడంగా చేతులు ఉంచండి. తాకొద్దు, పడితే పట్టుకోవాలి. కళ్లు మూసుకోమంటే చిన్నపిల్లలు సందులోంచి చూస్తారు. అలాంటప్పుడు మెత్తని దస్తీ వదులుగా కట్టండి. భయపడి ఏడిస్తే ఆ రోజుకు ఆపెయ్యండి.

ఇప్పుడు చదవడం. గచ్చు మీద కళ్లు తెరిచినప్పుడే 30 సెకన్లు నిలవకపోతే ఐదేళ్లు దాటిన పిల్లకు అది డాక్టర్ పరీక్షకు పంపాల్సిన సంగతి. అక్కడ బాగుండి, కళ్లు మూయగానే గచ్చు మీదే తూలితే కంటి మీద ఎక్కువ ఆధారపడుతున్నది. ఆరేళ్లలోపు ఇది వయసులో భాగం. ఎనిమిదేళ్లకు కూడా అలాగే ఉంటే, మసక చీకట్లో వాకిట్లో నడిచేటప్పుడు పడుతున్నదా అని ఇంట్లో అడగండి. నాలుగో రకంలో, అంటే బొంత మీద కళ్లు మూసినప్పుడు, మిగిలేది లోపలి చెవి ఒక్కటే. నాలుగు, ఐదేళ్ల పిల్లలు ఇక్కడ కొన్ని సెకన్లకే ఒరిగితే ఆశ్చర్యం లేదు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల మొదటి మూడింటిలో నిలబడి నాలుగోదాంట్లో మాత్రం ప్రతిసారీ వెంటనే పడితే చెవి వైపు చూడాలి.

చెవి సంగతి ఇంకొంచెం చెప్పాలి, మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే పిల్లకు వినికిడి మందగిస్తుంది, నిలకడ కూడా తగ్గుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, చీము కారకపోవచ్చు. టీవీ శబ్దం పెంచమనడం, పిలిస్తే పలకకపోవడం, ఈ మధ్య ఎక్కువగా తట్టుకొని పడటం మూడూ కలిసి వస్తే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించాలి. ఆ నీరు పోయాక నిలకడ తిరిగి వస్తుంది. పుట్టుకతో వినికిడి లోపం ఉన్న పిల్లల్లో చాలామందికి లోపలి చెవిలోని నిలకడ భాగం కూడా బలహీనంగా ఉంటుంది. వాళ్లకు మెడ నిలవడం, నడక రెండూ ఆలస్యం కావచ్చు. అలాంటి పిల్లకు చీకట్లో నడక, బావి గట్టు, చెరువు నీళ్లు ప్రత్యేకంగా ప్రమాదం. నీళ్లలో మునిగితే పైకి ఏ దిక్కో తెలియదు. ఈ మాట ఇంట్లో వాళ్లకు తప్పక చెప్పండి.

సాధన: ఆటలోనే

రోజుకు పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. అరగంట చేయించి విసిగించడం కంటే ఇదే పనిచేస్తుంది. సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. నేల మెత్తన చేస్తే కళ్లు తెరిచే ఉండాలి. కళ్లు మూయిస్తే నేల గట్టిదై ఉండాలి. చేతిలో ఏదైనా పట్టిస్తే కాళ్లు ఎడంగా ఉండనివ్వాలి. రెండు మూడు ఒకేసారి మార్చి, పిల్ల పడగానే ‘వీనికి రాదు’ అనడం బడిలో ఆటలు నేర్పే పీఈటీలు కూడా చేసే తప్పు.

మూడేళ్లకు: ముగ్గుపిండితో మూడు మీటర్ల గీత గీసి దాని మీద నడిపించండి. గీత జానెడు వెడల్పుతో మొదలుపెట్టి, వారాల మీద నాలుగు వేళ్లకు తగ్గించండి. మడమను బొటనవేలికి ఆనించి నడవడం నాలుగున్నర, ఐదేళ్లకు ముందు అడగొద్దు.

నాలుగు నుంచి ఆరేళ్లకు తొక్కుడుబిళ్లను మించిన పరికరం లేదు. కుంటుతూ గడి దాటడం, ఆగడం, వంగి బిళ్ల తీయడం, తిరగడం, అన్నీ అందులోనే ఉన్నాయి. అసలు కష్టం గెంతడంలో లేదు, గెంతి ఆగడంలో ఉంది. నాలుగేళ్ల పిల్ల రెండు మూడు గెంతులు వేసి ముందుకు తూలుతుంది. అందుకని మొదటి వారం రెండు కాళ్లతో దూకించి, ప్రతి గడిలో ‘ఆగు’ అని రెండు సెకన్లు నిలబెట్టండి. రెండో వారం ఒక గడి ఒంటికాలు, ఒక గడి రెండు కాళ్లు. గడి 30 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే పాదం సరిచేసుకోవడానికి చోటుండదు, 45 దాటితే గెంతు బలం మీద ఆధారపడుతుంది. వంగి బిళ్ల తీసేటప్పుడు మోకాలు వంగాలి. మోకాలు కర్రలాగా ఉంచి నడుము నుంచే వంగే పిల్ల ప్రతిసారీ చేతుల మీద పడుతుంది, మాటతో చెప్తే వినదు, మీరు పక్కన వంగి చూపించాలి.

బొడ్డెమ్మ, బతుకమ్మ ఆడే ఆడపిల్లలకు తెలియకుండానే మంచి సాధన దొరుకుతుంది. ఒక అడుగు లోపలికి, వంగి చప్పట్లు, వెనక్కి ఒక అడుగు, పక్కకు జరుగుడు. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూనే ఉంటుంది, పాట వేగం కట్టుబడిలో పెడుతుంది. మగపిల్లలను ఆ వలయంలోంచి తరిమెయ్యడం మానితే వాళ్లకూ లాభమే. ఒప్పులకుప్ప లోపలి చెవికి మేలైన ఆటే కానీ ఒక దిక్కుకు ఐదు చుట్లు, ఆగి, రెండో దిక్కుకు ఐదు, అంతే. ఆగిన వెంటనే బొట్టుబిళ్లను చూడమనండి. బండల మీద కాదు, మట్టి మీదో ఇసుక మీదో ఆడించండి.

వాకర్ గురించి ప్రతి పాఠానికీ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ‘వాకర్ల కూసోబెడితె జల్ది నడుస్తడు’ అన్నది నిజం కాదు. అందులో కూర్చున్న బిడ్డ నడుమును సీటు పట్టి ఉంచుతుంది, ఊగే అవకాశమే లేదు. మునివేళ్లతో నేలను తన్నుకుంటూ పోతుంది, తన పాదాలు తనకు కనిపించవు. పైగా గడప దాటి మెట్ల మీది నుంచి దొర్లే ప్రమాదం. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాత మూడు చక్రాల కర్రబండి వేరు. దాన్ని తోసే బిడ్డ తన బరువు తానే మోస్తుంది. బండి ముందుకు ఉరకకుండా దాని మీద రెండు కిలోల బియ్యం సంచి కట్టండి, వాలు గచ్చు మీద మాత్రం వద్దు.

కాళ్ల వంకర గురించి క్లుప్తంగా. రెండేళ్ల దాకా మోకాళ్లు ఎడంగా దొడ్డికాళ్లలా ఉండటం, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తాకడం, ఏడేళ్లకు సర్దుకోవడం సహజ క్రమం. చదును పాదం ఉన్న పిల్లను మునివేళ్ల మీద లేవమనండి. అప్పుడు లోపలి వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, ప్రత్యేకమైన బూట్లు కొనాల్సిన పని లేదు.

డాక్టర్ దగ్గరికి పంపాల్సినవి

పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోవడం. వచ్చిన నడక పోవడం, ఇది ఏ వయసులోనైనా. ఆటలమ్మ గాని జ్వరం గాని వచ్చి తగ్గాక ఒకటి నుంచి మూడు వారాల్లో ఉన్నట్టుండి తాగినట్టు తూలడం. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, దానికి తోడు తూలు ఉంటే ఆ రోజే వెళ్లాలి. రెండేళ్లు దాటాక ఎప్పుడూ మునివేళ్ల మీదే నడిచే పిల్లకు మోకాలు చాపి పాదాన్ని మెల్లగా పైకి వంచి చూడండి. లంబకోణం దాటి రాకపోతే పిక్క కండరాన్ని మడమకు కట్టే తాడు లాంటి స్నాయువు బిగిసింది.

ఇంకొకటి ప్రతి అంగన్‌వాడీ టీచర్ కళ్లతో పట్టగలిగేది. మూడు నుంచి ఐదేళ్ల మగపిల్లవాణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. బోర్లా తిరిగి, పిర్రలు పైకెత్తి, చేతులతో మోకాళ్లు, తొడలు ఒత్తుకుంటూ తన ఒంటినే ఎక్కుతున్నట్టు లేస్తే, పిక్కలు లావుగా గట్టిగా ఉంటే, అది కండరాల జబ్బు గుర్తు కావచ్చు. ‘బద్ధకం’ అని వదలొద్దు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వస్తాయి. 2013లో మొదలైన ఈ పథకం పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. బృందం వచ్చిన రోజు మీ కాగితం చేతిలో ఉండాలి: తేదీ, వయసు నెలల్లో, కుడికాలు మూడు అంకెలు, ఎడమకాలు మూడు అంకెలు, బొంత పరీక్ష నాలుగు అంకెలు. ‘తూలుతున్నడు సార్’ అన్న మాట కంటే ఆ కాగితం వాళ్లకు ఎక్కువ చెప్తుంది. పైన చెప్పిన అత్యవసర గుర్తులకు మాత్రం బృందం కోసం ఆగొద్దు.

ఈసారి అభ్యాసం

మూడు, ఐదు, ఎనిమిదేళ్ల పిల్లలను ఒక్కొక్కరిని ఎంచుకోండి. ఒంటికాలి కొలత ముగ్గురికీ, బొంత కొలత పెద్దవాళ్లిద్దరికీ తీయండి. సరిగ్గా వారం తర్వాత అదే వేళ, అదే నేల మీద మళ్లీ తీయండి. పక్కన ఇంకొకరితో కూడా అదే సమయంలో గడియారం పట్టించి, ఇద్దరి అంకెలూ విడివిడిగా రాయండి. పిల్ల మారడం వల్ల వచ్చిన తేడా ఎంత, కొలిచేవాళ్లు మారడం వల్ల వచ్చిన తేడా ఎంత అన్నది విడదీయడం ఐదో పాఠంలో. అందులోనే పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఒక్కసారిగా ఎత్తు పెరిగే పిల్లల సంగతి కూడా ఉంటుంది కాబట్టి, ఆ వయసు పిల్లలు ఇంట్లో ఉంటే దర్వాజ చౌకట్టు మీద ఇవ్వాళే ఎత్తు గీత, పక్కన తేదీ వేసి పెట్టండి.